నిద్రకి చచ్చినవాడి రొట్టె

వాకెచులా,
సెప్టెంబరు 22

అక్కకి,

ఇక్కడ అంతా క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది కనుక రాయను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో కూడా అడగను. అడిగితే రెండు పేజీలు వాటి గురించే రాస్తావు.

మళ్లీ వచ్చింది. ఇంకా సెప్టెంబరు దాటలేదు. ఈ నెల పదహారున స్వాతంత్ర్య దినానికి వీధిలో కట్టిన కాగితం జెండాలు తీగల మీదే వేలాడుతున్నాయి. అప్పుడే సెఫెరీనో తన బేకరీలో, నవంబరు మొదట్లో పోయినవాళ్ల పండక్కి చేసే చనిపోయినవాళ్ల రొట్టె పెట్టేశాడు. మన చిన్నప్పుడు ఆ రొట్టె అక్టోబరు ఆఖరి వారం దాకా కంటికి కనిపించేది కాదు. ఇప్పుడు వాడికి డబ్బు తొందర, పోయినవాళ్లకి లేని తొందర. రొట్టెతో పాటు నా ఫొటో కూడా పెట్టాడు, గుమ్మానికి కుడివైపు, తలుపంత పెద్దది.

నీకు తెలిసిందే అయినా మళ్లీ చెప్తాను, కోపం కాగితం మీద పెడితేనే నాకు ఒంట్లోంచి దిగుతుంది. కుర్చీలో నేను. తల వెనక్కి వాలిపోయి ఉంటుంది. నోరు తెరుచుకుని ఉంటుంది. ఒళ్లో గుండ్రటి రొట్టె. వెనకాల బంతిపూలు, కొవ్వొత్తులు. కింద పెద్ద అక్షరాలతో: 'నిద్రకి చచ్చినవాడి రొట్టె'. చనిపోయినవాళ్ల రొట్టె అనే మాటకి ఎవడో మేధావి నిద్రని తగిలించాడు. అంతే. ఆ పాటి హాస్యానికి దేశమంతా పడీ పడీ నవ్వుతోంది. క్రిస్మస్ వచ్చేసరికి మాయమవుతుంది. మరుసటి ఏడు రొట్టెతో పాటు మళ్లీ పుడుతుంది. బస్సులో పక్కన కూర్చున్నవాడు నా మొహంలోకి చూసి, ఫోన్‌లోకి చూసి, మళ్లీ నా మొహంలోకి చూస్తాడు.

నేను చరిత్ర పుస్తకాలు చాలా చదివాను. ఒక రాజుకి చెడ్డపేరు రావాలంటే ఎన్ని ఊళ్లు తగలబెట్టాలో నాకు తెలుసు. నేను చేసిందల్లా కళ్లు మూయడం. నేను ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దిన పత్రిక, పేరు రాయను, నేను రిటైరైన రోజున చేతికి ఒక పువ్వు కూడా ఇవ్వని పత్రిక, కిందటి ఏడు ఆఖరి పేజీలో ఆ ఫొటో వేసింది. నా గురించి ఆ పత్రిక వేసిన ఏకైక వార్త అదే. తప్పులు వెతికాను. ఒక్కటీ లేదు. అది ఇంకా మండింది.

ఆ ఫొటో ఎప్పటిదో నీకు గుర్తు చేయాలా? మా ఆవిడ అంపారో పోయిన ఏడాదిది. మన ఊళ్లో ఆ ఏడు ఎలా ఉంటుందో నీకు తెలుసు. పోయినవాళ్ల ఫొటో పెట్టి కప్పు దాకా తెల్ల శాటిన్‌తో పీఠం కట్టాలి, తలుపు తెరిచి ఉంచాలి, ముక్కూ మొహం తెలియనివాడు వచ్చినా కూర్చోబెట్టి అన్నం పెట్టాలి. పెట్టాను. మోలె కూర గిన్నెల అడుగు గీరి మరీ పెట్టాను. తిన్నవాళ్లందరూ పరాయివాళ్లే. చేతిలో ఫోన్ పట్టుకుని తిరిగిన మనవాడు మాత్రం ఒక్కడే. నీ కొడుకు రోహెలియో.

అందుచేత చెప్తున్నాను. ఈ ఏడు మా ఇంట్లో పీఠం లేదు. ఒక పువ్వు, ఒక కొవ్వొత్తి కూడా లేవు. తలుపుకి తాళం వేసి లోపల కూర్చుంటాను. నా దుఃఖాన్ని చూడ్డానికి టికెట్ లేకుండా జనం రావడం ఇక చాలు. ఈ మాట నీ కొడుకుకి చదివి వినిపించు.

నువ్వు పంపిన ఎండు మాంసం అందింది. ఉప్పు ఎక్కువ.

దేశానికి నవ్వులాట అయిన నీ తమ్ముడు,
ఎవేలియో


ఎర్మొసీయో,
అక్టోబరు 4

ఒరేయ్ ఎవేలియో,

ఉప్పు ఎక్కువని తెలిసిందంటే మొత్తం తినేశావన్నమాట. సంతోషం.

నువ్వు అడగకపోయినా చెప్తాను, కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టుకుని వంటింటి దాకా వెళ్తున్నాను. డాక్టరు చిన్నపిల్లాడు, నన్ను 'రాణిగారూ' అంటాడు. ఇక్కడ ఎండ ఇంకా తగ్గలేదు. రోహెలియో పొద్దున్న పోతే చీకటి పడ్డాక వస్తాడు, ఊళ్లో ఉన్న ఏసీలన్నీ ఒకేసారి చెడిపోయినట్టున్నాయి.

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. అన్నం తినడం ఆపేసి విన్నాడు. ఫొటో తీసింది వాడే. ఎప్పుడైనా కాదన్నాడా? నువ్వు వాణ్ని అడిగితే కదా. అప్పుడు నేను గాల్ బ్లాడర్‌తో ఆసుపత్రిలో ఉండి రాలేకపోయాను. అంపారో పోయిన దగ్గర్నుంచి నువ్వు సరిగా కన్ను మూయలేదని, గోడ చూస్తూ కూర్చుంటున్నావని విని, గంటకోసారి వాడికి ఫోన్ చేసి ప్రాణం తీసేదాన్ని. తిన్నాడా, పడుకున్నాడా అని. దానికి జవాబుగా పంపాడు ఆ ఫొటో. కింద వాడు రాసిన మాట ఏమిటో తెలుసా? 'అమ్మా, పడుకున్నాడు' అని. అంతే. నేను ఆసుపత్రి మంచం మీద ఏడ్చాను, నా తమ్ముడు పడుకున్నాడని. ఆ సంతోషంలో నాకు తెలిసినవాళ్లందరికీ పంపాను. నాతో జపమాల తిప్పే ఆడవాళ్లకి పంపాను, మన గ్వాదలహారా చుట్టాలకి పంపాను, పక్క మంచం పేషెంటు కూతురికి కూడా పంపాను. వాళ్లలో ఎవరి మనవడు ఆ మాట తగిలించాడో, అంచులు ఎవరు కత్తిరించారో నాకెలా తెలుస్తుంది.

నాకు తెలుసులే నీ బాధ ఏమిటో. నోరు తెరుచుకుని ఉందని. చిన్నప్పుడూ నీకు అదే అలవాటు. ఈగ దూరుతుందని అమ్మ నీ మొహం మీద పల్చటి గుడ్డ కప్పేది. డెబ్బై దాటాక అందం గురించి ఇంత పట్టింపు ఏమిట్రా? ఆ ఫొటో చూసి నవ్వేవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. మా వీధి మందుల షాపువాడు 'మా తాత కూడా ఇలాగే పడుకునేవాడు' అని గోడకి అంటించుకున్నాడు.

పీఠం సంగతి మాత్రం నవ్వులాట కాదు. నీకు కోపం నా కొడుకు మీద. శిక్ష అంపారోకి వేస్తావా? అంత దూరం నుంచి వచ్చి తలుపుకి తాళం చూసి ఎక్కడికి పోతుంది ఆవిడ? ఒక గ్లాసు నీళ్లు కూడా ఉండవా? నా మోకాలు ఇలా లేకపోతే నేనే వచ్చి ఆ తాళం పగలగొట్టేదాన్ని.

రోహెలియో ఆ రోజు సంగతి నీకేదో చెప్పాలని ఎన్నాళ్లుగానో చూస్తున్నాడు. వాడి గొంతు వినగానే ఫోన్ పెట్టేస్తావట. ఈసారి పెట్టేయకు.

బతికుండగానే నీతో వేగలేక చస్తున్న నీ అక్క,
దొమితీలా


వాకెచులా,
అక్టోబరు 15

అక్కా,

నోరు తెరుచుకుని ఉందని బాధట. నన్ను పెంచినదానివి, నా గురించి నీకు తెలిసింది ఇంతేనా?

ఫోన్ తీగ పీకేశాను. పదకొండేళ్ల పిల్లలు ఫోన్ చేసి గురక వినిపించి పెట్టేస్తున్నారు. కాబట్టి నీ కొడుకు చెప్పాలనుకున్నదేదో వాడి దగ్గరే ఉంచుకోమను. ఇక నేను చెప్పేది విను. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పకపోతే నువ్వు ఈగల గురించే రాస్తూ ఉంటావు.

ఆ ఏడు అంపారో నవంబరు మొదటి తేదీ మధ్యాహ్నం వచ్చింది. అందరి ఇళ్లకీ పోయినవాళ్లు అప్పుడే వస్తారు. నేను పూలరేకులు గుమ్మం నుంచి పీఠం దాకా పరిచి, ధూపం పాత్ర పట్టుకుని వీధిలోకి ఎదురెళ్లి తీసుకొచ్చాను. నేను ఇలాంటివి నమ్మేవాణ్ని కాదని నీకు తెలుసు. ఎన్ని పుస్తకాలు చదివి ఎందరితో వాదించానో కూడా తెలుసు. కానీ ఆ రోజు ఆవిడ వచ్చింది. ఇంతకంటే నిరూపించలేను. రాత్రంతా ఆవిడ ఫొటో ఎదురుగా కూర్చున్నాను. వచ్చినవాళ్లకి వడ్డించాను. మధ్యమధ్యలో ఆవిడతో మాట్లాడాను. పొయ్యి మీద పాలు పొంగిపోయిన సంగతి కూడా చెప్పాను.

రెండో తేదీ మధ్యాహ్నం గుడిగంటలు మోగినప్పుడు పోయినవాళ్లు తిరిగి వెళ్లిపోతారు. అప్పుడు ఇంటివాడు ధూపం పట్టుకుని గుమ్మం దాటి వీధి దాకా వెళ్లి సాగనంపాలి. నేను చేయాల్సింది అదొక్కటే. దానికోసమే మేలుకుని ఉన్నాను. ఆవిడకి ఇష్టమని రొట్టె ఒకటి చేతిలోకి తీసుకున్నాను, దారికి ఇద్దామని. ఒక్క నిమిషం కూర్చున్నాను.

లేచేసరికి ఒంటిగంట దాటింది. గంటలు మోగిపోయాయి. పూలరేకులు వచ్చినవాళ్ల కాళ్లకింద నలిగి వీధి దాకా ఈడ్చుకుపోయి ఉన్నాయి. ధూపం పాత్రని ఎవరో తన్నేసినట్టున్నారు, గుమ్మం అవతల చల్లారి పడుంది. రొట్టె నా ఒళ్లోనే ఉంది. అంపారో నన్ను లేపకుండా, ఎవరూ గుమ్మం దాకా రాకుండా, తాగుబోతుల ఇంటికి వచ్చిన చుట్టంలా ఒంటరిగా వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ ఫొటో చూడు. తలుపులోంచి పడే ఎండలో నీడలు పొట్టిగా ఉంటాయి. అది సరిగ్గా మధ్యాహ్నం. ఏ నిమిషం కోసం నేను మేలుకున్నానో ఆ నిమిషమే నీ కొడుకు ఫొటో తీశాడు. నన్ను లేపి ఉండొచ్చు. భుజం తట్టి ఉండొచ్చు. ఫొటో తీశాడు. ఆ నిమిషాన్ని ఏటేటా దేశమంతా నాకు చూపించి నవ్వుతుంది. ఆ తర్వాత వచ్చిన ఏడాదులన్నీ పీఠం పెట్టాను. మధ్యాహ్నం మేలుకునే ఉన్నాను. ఆవిడ వచ్చిన జాడ లేదు. నేనైనా రాను, అలా పంపినవాడి ఇంటికి.

అందుకే తాళం. రానివాళ్ల కోసం తలుపు తెరిచి కూర్చోవడం, దాన్ని జనం చూసి పళ్లు ఇకిలించడం, రెండూ నావల్ల కావు.

నాకు ఉత్తరాలు రాయకు. చెప్పాల్సింది చెప్పేశాను. ఇకమీద నన్ను కూడా పోయినవాళ్లలో కలిపేసుకో.

ఎవేలియో


ఎర్మొసీయో,
నవంబరు 1

తమ్ముడూ,

ఈ ఉత్తరం పోస్టులో వేయడానికి కాదు. నీ ఫొటో ముందు, చాక్లెట్ కప్పు కింద పెడతాను. రోడ్డు మీద దుమ్ము ఎక్కువ, రాగానే నీళ్లు తాగు. ఆ తర్వాత చదువుకో.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. ఆఖరి వాక్యం చదివి నవ్వాను కూడా, వీడి నాటకాలు అనుకున్నాను. అదే సాయంత్రం రోహెలియో మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఫోన్‌లో ఎవరో పెట్టారు, నిద్ర తాత పోయాడు అని. కింద వందల మంది కొవ్వొత్తి బొమ్మలు పెట్టారు. ఏటా ఎవడో ఒకడు ఇలా పుట్టిస్తాడమ్మా అన్నాడు గానీ, అంటూనే నీ నంబరు కొట్టాడు. నీకు ఫోన్ చేస్తే మోగదు. చివరికి బేకరీ నంబరు పట్టుకుని చేశాం. ఎవరో అమ్మాయి ఎత్తింది. దోన్ ఎవేలియో గారు ఎలా ఉన్నారమ్మా అని అడిగాను. 'ఆయన్ని పీఠం మీద పెట్టేశాం కదండీ, పువ్వులూ చాక్లెట్టూ అన్నీ పెట్టాం' అంది. చాలా సంతోషంగా చెప్పింది. ఇంకేం అడగను?

రోహెలియో ఆ రాత్రే బస్సెక్కాడు. నేను కదలలేను, నీకు తెలుసు. నా తమ్ముడి మీద పిడికెడు మట్టి వేయడానికి కూడా ఈ మోకాలు నన్ను రానివ్వలేదు.

ఇక్కడ బంతిపూలు దొరకడం కష్టం. పక్కింటావిడ ఎక్కడో వెతికి రెండు కట్టలు తెచ్చింది. నీ ఫొటో కోసం ఇల్లంతా గాలించాను. మనిద్దరి చిన్నప్పటివి ఉన్నాయి గానీ, అంపారోతో కలిసి ఉన్నది ఒక్కటే దొరికింది. అదే ఫొటో. అందరి దగ్గరా ఉన్నది కాదు. రోహెలియో మొదట నాకు పంపింది, ఎవరూ కత్తిరించనిది. అందులో నీ తలపైన అంపారో ఫొటో ఉంది, పీఠం మీద. అందుకని అదే పెద్దగా అచ్చు వేయించి పెట్టాను. ఒకటి రోహెలియో తీసుకెళ్లాడు, నీ ఇంట్లో పెట్టడానికి.

నీ ఉత్తరం మళ్లీ చదివాను. మధ్యాహ్నం ఎండ అన్నావు కదా, అది చూద్దామని భూతద్దం తీశాను. ఎవేలియో, నేను ఇన్నాళ్లూ నీ మొహమే చూశాను. పడుకున్నావు కదా అని ఇంకేమీ చూడలేదు. ఎడమ అంచున గుమ్మం ఉంది. గుమ్మంలో జనం ఉన్నారు, మనవైపు వీపులు పెట్టి. ముందు ఒక ముసలావిడ, నల్ల శాలువా. ఆవిడ చేతిలోంచి పొగ లేస్తోంది.

వెంటనే రోహెలియోకి ఫోన్ చేశాను. బస్సు ఎక్కడో దారిలో ఆగింది. ఆ ముసలావిడ ఎవర్రా అని అడిగాను. వాడు బస్సు దిగి పక్కకి వచ్చాడు. తర్వాత చెప్పాడు. గంటలు మొదలవగానే వాడు నిన్ను లేపడానికే వచ్చాడట. భుజం మీద చెయ్యి కూడా వేశాడట. ఆ ముసలావిడే ఆపింది. ఏ ఊరో తెలియదు, ముందురోజు వచ్చి మీ ఇంట్లో తిన్న మనిషి. ఆవిడ అన్న మాట వాడికి ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

'పడుకోనివ్వు నాయనా. ఈ ఇంటి అన్నం తిన్నాం, ఈ ఇంటావిణ్ని మేం సాగనంపుతాం.'

ధూపం పాత్ర ఆవిడే తీసుకుంది. అక్కడున్న వాళ్లందరూ, నువ్వు వడ్డించిన పరాయివాళ్లందరూ, లేచి ఆవిడ వెనకాల నడిచారట, పూల మీదుగా, వీధి చివరి దాకా. తిరిగొచ్చి ధూపం పాత్ర గుమ్మం దగ్గర దించి వెళ్లిపోయారు. ఎవరూ దాన్ని తన్నలేదు. అంపారో ఒంటరిగా వెళ్లలేదు. మన ఊళ్లో ఇంకెవరికీ అంతమంది తోడు వెళ్లి ఉండరు.

ఇది చెప్పడానికే వాడు ఇన్నాళ్లూ ఫోన్ చేస్తూ వచ్చాడు. నీకు కోపం నోటి గురించి అని నేనూ అనుకున్నాను, వాడూ అనుకున్నాడు. ఒక్క ఏడాది ముందు ఆ ఉత్తరం రాసి ఉంటే ఏం పోయిందిరా? బతికినన్నాళ్లూ తప్పులు దిద్దావు. నీ దగ్గరున్నది సగం ఫొటో అని మాత్రం చూసుకోలేదు.

సరేలే. ఇప్పుడు ఆవిడే నీ పక్కన ఉంది, నువ్వే అడుగు. నాకు తెలిసి ఆవిడ ఆ ఫొటో చూసి అందరికంటే ఎక్కువ నవ్వి ఉంటుంది. మీ పెళ్లిలో నువ్వు ప్రసంగం మధ్యలో మాట మరిచిపోతే నవ్వి నవ్వి కుర్చీ మీంచి జారిన మనిషి.

ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలెలు, మిరపకాయవి పెట్టాను. తీపివి నీకు నచ్చవు కదా. రేపు మధ్యాహ్నం నేనే సాగనంపుతాను, కర్ర పట్టుకుని అయినా గుమ్మం దాకా వస్తాను.

నీ అక్క,
దొమితీలా


వాకెచులా,
నవంబరు 4

అక్కా,

బతికున్నానని నీకు ఫోన్‌లో తెలిసిపోయింది. రోహెలియో చెవికి దూరంగా పెట్టుకున్నా నీ తిట్లు నాకు వినిపించాయి. అవన్నీ న్యాయమే. అయినా రాస్తున్నాను, ఫోన్‌లో చెప్పిన సంగతి చెప్పినట్టు కాదు నాకు.

రెండో తేదీ పొద్దున్న ఎవరో తలుపు బాదారు. తాళం వేసి, కిటికీలు మూసి, ఇంట్లో చీకట్లో కూర్చుని ఉన్నాను. ఫొటో తీసుకోవడానికి వచ్చిన వెధవలు అనుకుని, తలుపు తెరిచి తిడదామని చేతికర్రతో వెళ్లాను. నల్ల టై కట్టుకుని, పూలదండ చేత్తో పట్టుకుని నీ కొడుకు. దండ మీద నా పేరు. నన్ను చూసి శిలువ గుర్తు వేసుకుని రెండడుగులు వెనక్కి వెళ్లాడు. అంత దూరం బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాడట, కళ్లు టమాటాల్లా ఉన్నాయి. వాణ్ని తిట్టడానికి ఇన్నేళ్లుగా దాచుకున్న మాటలు చాలానే ఉన్నాయి. దండ చేతిలో పెట్టుకుని నిలబడ్డవాణ్ని ఎలా తిడతావు. లోపలికి రమ్మన్నాను.

'మామయ్యా, పీఠం ఏది?' అన్నాడు.

లేదన్నాను. వాడు దండ కుర్చీకి ఆనించాడు. సంచిలోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. నువ్వు భూతద్దంతో చూసింది నేను ఉత్త కళ్లతోనే చూశాను. ఆ ముసలావిడ నాకు గుర్తుంది అక్కా. మోలె రెండోసారి వడ్డించుకుని, కారం తక్కువైందని నా మొహం మీదే అంది. ఆవిడ మీద కూడా కోపం పెట్టుకున్నాను ఇన్నాళ్లూ. నా లెక్కలో రాసుకున్న పేర్లలో ఆవిడా ఉంది.

రోహెలియో అంతా చెప్పాడు. చెప్తుంటే గడియారం చూశాను. మధ్యాహ్నానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. అంపారో ముందురోజే వచ్చి ఉంటుంది, తాళం చూసి ఉంటుంది. ఆవిడ మొండితనం నాకు తెలుసు. తలుపు తీసేదాకా మెట్టు మీద కూర్చునే రకం.

ఇంట్లో కొవ్వొత్తి ఒకటి ఉంది, కరెంటు పోతే వెలిగించేది. నీళ్లు, ఉప్పు ఉన్నాయి. ఆవిడ ఫొటో బల్ల మీదే ఉంది. పూలు, రొట్టె లేవు. ఇద్దరం బజారుకి పరిగెత్తాం. పరిగెత్తడం అంటే ఏమిటో నా వయసుకి తగ్గట్టు అర్థం చేసుకో. సెఫెరీనో దగ్గర రొట్టెలు మొత్తం అయిపోయాయి. ఖాళీ పళ్లేలు తుడుస్తున్నాడు. ఆ పక్కనే, బజారు నడవలో, బేకరీవాళ్లు కట్టిన పీఠం చూశాను. దాని మధ్యలో నేను. చుట్టూ బంతిపూలు, ముందు చాక్లెట్ కప్పు, ఒక పళ్లెం నిండా రొట్టెలు. ఈ సీజన్‌కి చోలూలా నుంచి పనికి వచ్చిన పిల్ల, నీతో ఫోన్‌లో మాట్లాడిందే, నన్ను చూసి పళ్లెం జారవిడిచింది.

సెఫెరీనో పరిగెత్తుకొచ్చాడు. 'తప్పుగా అనుకోకండి దోన్ ఎవేలియో, జనం మిమ్మల్ని చూడ్డానికే వస్తున్నారు, మీ గురించి ప్రేమతో పెట్టిందే' అని గొణిగాడు. ప్రేమతో పెట్టాడట. వాడితో ఆ లెక్క ఇంకా తేలలేదు, వచ్చే వారం తేలుస్తాను. ఆ నిమిషంలో నాకు టైం లేదు. పీఠం మీది పళ్లెం ఎత్తుకున్నాను.

'అయ్యయ్యో, అది పోయినవాళ్లకి పెట్టింది' అన్నాడు.

'నా ముందే కదా పెట్టావు. నాదే,' అన్నాను.

నువ్వే ఆలోచించి చూడు. పీఠం మీద ఎవరి ఫొటో ఉంటే నైవేద్యం వాళ్లదే. నా పువ్వులు కూడా రోహెలియో చేత చంకలో పెట్టించాను. చాక్లెట్ అక్కడే తాగేశాను, చల్లారిపోయింది, చక్కెర ఎక్కువ.

బజారులో ఉన్న జనం ఇదంతా చూస్తూ నిలబడ్డారు. ఫోన్లు ఎత్తారు, ఎత్తుకోనివ్వు. ఈ ఏడు కొత్తగా పోయినవాళ్ల ఇళ్లకి వచ్చిన పైఊళ్లవాళ్లు కొందరు మా వెనకాలే వచ్చారు. ఒకామె అడిగింది, తాతగారూ, మీ ఇంట్లో పీఠం ఉందా అని. ఉంది, రండి అన్నాను. ఈ ఏడు మా ఇంటికి ఎవరినీ పిలవాల్సిన పని లేదు, మొదటి ఏడాది కాదు కదా. అయినా నోటికి ఆ మాటే వచ్చింది. వస్తే అన్నం పెట్టాలి. నువ్వు మొత్తం తినేశానని రాశావు గానీ, ఎండు మాంసం సగం పైన మిగిలే ఉంది. రోహెలియో గుడ్లు కొట్టి అందులో కలిపి వేయించాడు. ఉప్పు ఎక్కువైందని ఒక్కరూ అనలేదు.

గంటలు మోగాయి. నేను నిలబడే ఉన్నాను. ధూపం పాత్ర నేనే పట్టుకున్నాను, బొగ్గులు సరిగా అంటుకోక పొగ నా కళ్లల్లోకే వచ్చింది. పూలరేకులు తక్కువ, గుమ్మం దాకానే సరిపోయాయి. ఆవిడకి ఇష్టమైనట్టు రొట్టె పైనున్న పిండి బొడిపె విరిచి కాగితంలో చుట్టి ఇచ్చాను, అంటే మెట్టు మీద పెట్టాను. వీధి చివరి దాకా వెళ్లాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ పరాయివాళ్లందరూ నా వెనకాలే నడుస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా ఫరవాలేదనిపించింది, అది నేను ఎక్కడా రాసుకోని మాట, నీకు మాత్రం రాస్తున్నాను.

నువ్వు నా కోసం పీఠం దగ్గర ఉత్తరం పెట్టావని రోహెలియో చెప్పాడు. చించకు. దాని మీద నా పేరు ఉంది, నాకు పంపు. నేను పోతే నువ్వు ఏం రాస్తావో చదివే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది. మిరపకాయ తమాలెలు ఎవరు తిన్నారో కూడా రాయి.

వాడు ఇంకో వారం ఇక్కడే ఉంటాడు. వంటింటి కుళాయి బాగుచేస్తానంటున్నాడు. ఏసీలు బాగుచేసేవాడికి కుళాయితో పనేమిటి అన్నాను గానీ, చేయనిస్తాను.

వీధి చివర నుంచి తిరిగొచ్చాక కుర్చీలో కూర్చున్నాను. ఈసారి ఇక మేలుకుని చేయాల్సిన పని ఏదీ లేదు. ఎంతసేపు పడుకున్నానో తెలియదు. లేచేసరికి సాయంత్రమైంది. అంపారో ఉన్ని శాలువా నా మీద కప్పి ఉంది, రోహెలియో వాకిట్లో పళ్లేలు కడుగుతున్నాడు. నోరు తెరిచే పడుకుని ఉంటాను. ఫొటో తీశావా అని వాణ్ని అడగలేదు.

తీసి నీకు పంపి ఉంటే, నీ ఇష్టం, జపమాల ఆడవాళ్లకి కూడా పంపుకో. అంచులు మాత్రం కత్తిరించనివ్వకు.

నీ తమ్ముడు,
ఎవేలియో